చెత్త షెడ్డు తలుపు మీద కాగితం

ముందు ఆ కాగితం సంగతి చెప్పేస్తాను. తర్వాత చెబుదాంలే అనుకుంటే దాటేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

ఫిబ్రవరి మొదటి సోమవారం పొద్దున్నే మా ఆరిళ్ల వరస వెనకున్న చెత్త షెడ్డు తలుపు మీద దాన్ని నేనే అంటించాను. పెద్ద అక్షరాలతో టైపు చేసి, మంచుకి తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, నాలుగు మూలలా నాలుగు చిన్న మేకులు కొట్టి మరీ. "నివాసులకు మనవి. ప్రతి శనివారం సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది దాకా ఒకానొక ఇంట్లో వాడుతున్న వంటింటి పరికరం వల్ల అందరి ఇంటర్నెట్టూ ఆగిపోతోంది. దయచేసి ఇతరుల గురించి కూడా ఆలోచించండి." కింద పేరు పెట్టలేదు. మా కొక్కొలా ఊళ్లో ఇలాంటి కాగితాల కింద పేరు పెట్టే అలవాటు లేదు. ఎవరు రాశారో అందరికీ తెలుస్తుంది, ఎవరి గురించి రాశారో ఇంకా బాగా తెలుస్తుంది. మొహం మీద అనలేని మాట షెడ్డు తలుపు మీద అనేస్తే అది మర్యాదగానే చెల్లిపోతుంది.

నా పేరు రెయ్యో. వరసలో మొదటి ఇల్లు మాది. ముప్ఫై ఎనిమిదేళ్లు ఫోన్ లైన్ల పని చేసి రిటైరయ్యాను. ఈ వరసలో ఎవరింట్లో టీవీ మొరాయించినా నన్నే పిలుస్తారు. పిలవకపోయినా వెళతాను. ఆరిళ్లకీ కలిపి ఒకే ఫైబర్ లైను తీసుకుందామని మీటింగులో వాదించి ఒప్పించింది నేనే. ఆ లైను మా హాల్లోని అల్మరాలోకి వస్తుంది. అక్కణ్ణుంచి తెల్లటి చిన్న డబ్బాలు ఒకదాన్నుంచి ఒకటి వైఫై అందుకుంటూ ఇంటింటికీ చేరవేస్తాయి. మెష్ అంటారు. ఇల్లంటుకున్నప్పుడు మనుషులు వరసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చుకున్నట్టన్నమాట. మొదటి డబ్బా మా హాల్లో, రెండోది మా వెనక అద్దాల వరండాలో, మూడోది పక్కింటి యొన్నా వాళ్ల గోడకి, అలా చివరింటి కౌకో దాకా. మూడేళ్లపాటు ఒక్క ఫిర్యాదు లేదు. ఆ మూడేళ్లూ నేను కాలరెగరేసుకుని తిరిగాను.

జనవరి మూడో శుక్రవారం నా ఫోన్లో కబురొచ్చింది, డబ్బాలకి కొత్త అప్‌డేట్ ఉందని. వేగం పెరుగుతుందట. కాఫీ తాగుతూ వేలు పెట్టబోయాను.

"బాగా నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావు?" అంది నా భార్య సిర్కా.

"నీకు తెలియదులే. ఇవి ఎప్పటికప్పుడు వేసుకోకపోతే పాతబడిపోతాయి."

"నువ్వూ పాతబడ్డావు. నీకెవరైనా వేశారా?"

నవ్వేసి నొక్కేశాను. పది నిమిషాల్లో అన్ని డబ్బాల మీదా పచ్చ దీపాలు వెలిగాయి. వేగం కొలిచి చూస్తే నిజంగానే రెట్టింపైంది. ఆ అంకె కాగితం మీద రాసి సిర్కాకి చూపించాను కూడా. ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

ఆదివారం పొద్దున యొన్నా తలుపు తట్టింది. ముప్ఫై రెండేళ్ల పిల్ల, ఆస్పత్రి లాబ్‌లో పని. ఆమె భర్త ఒస్కరి సముద్రం అడుగున ఇంటర్నెట్ తీగలు పరిచే ఓడలో మెకానిక్. అక్టోబర్‌లో వెళ్లాడు, ఆఫ్రికా పక్కన ఎక్కడో ఉన్నాడు. ఖండాలకి ఖండాలు కలిపే తీగ వేస్తున్నారు గానీ, ఆ ఓడలో ఉన్న మనుషులకి మాత్రం ఇంటితో మాట్లాడటానికి వారానికి ఇరవై నిమిషాలే. వంతులు వేసుకుంటారు. ఒస్కరి వంతు శనివారం సాయంత్రం ఆరుకి. వాళ్ల కూతురు విల్యాకి అయిదేళ్లు. వారమంతా వేసిన బొమ్మలన్నీ ఆ ఇరవై నిమిషాల కోసం దాచుకుంటుంది. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలియకుండా చేశానని చెప్పుకునే దారి కూడా లేదు.

"నిన్న సాయంత్రం నెట్ పోయింది రెయ్యో. ఒస్కరి మొహం కనబడింది, అలాగే బిగుసుకుపోయింది. మళ్లీ కలవలేదు. తీరికున్నప్పుడు కాస్త చూస్తారా?" అంది.

ఫోన్ తీసి చూశాను. నిజమే, అయిదుంబావు నుంచి ఏడూ నలభై దాకా రెండో డబ్బాకి మొదటి డబ్బా అందలేదు. తర్వాత దానంతటదే కలిసింది. "కొత్త అప్‌డేట్ వేశాను కదమ్మా, ఒకట్రెండు రోజులు సర్దుకుంటుంది," అన్నాను డాక్టరులాగా.

సర్దుకున్నట్టే ఉంది. ఆదివారం నుంచి శుక్రవారం దాకా ఒక్క నిమిషం పోలేదు. శనివారం అయిదింటికి మళ్లీ పోయింది.

ఇక్కడే నా బుర్ర పనిచేయడం మొదలుపెట్టింది. పనిచేయకపోయినా బాగుండేది. అప్‌డేట్ తప్పయితే రోజూ పోవాలి, శనివారమే ఎందుకు పోతుంది? పైగా ఆ అప్‌డేట్ వేసింది నేను. కాబట్టి అప్‌డేట్ కాదు. శనివారం సాయంత్రం ఎవరో ఏదో చేస్తున్నారు. ఎవరు? మా ఇంటి డబ్బాకి దగ్గరున్నది ఎవరు? యొన్నా. శనివారం ఆ ఇంట్లో ఏం జరుగుతుంది? మా దగ్గర పిల్లలకి మిఠాయి శనివారమే. విల్యాకి చాక్లెట్లు పడవు, దానికి పాప్‌కార్న్. పాప్‌కార్న్ ఎందులో చేస్తారు? మైక్రోవేవ్‌లో. మైక్రోవేవ్ వైఫైని పాడుచేస్తుందని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. ఆహా అనుకున్నాను. లెక్క తేలిపోయింది.

వెళ్లి చెప్పాను. ఎంత నెమ్మదిగా చెప్పానంటే, ఆ నెమ్మది చూసి ఎవరికైనా చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

"మూడు గంటలసేపు పాప్‌కార్న్ చేయను కదా రెయ్యో," అంది యొన్నా.

"పాత మైక్రోవేవ్‌లు ఆపినా కాసేపు ఇబ్బంది పెడతాయమ్మా." ఇది పచ్చి అబద్ధం. అప్పటికప్పుడు పుట్టించాను. ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడు చెబితే ఎవరు కాదంటారు? ఆ పిల్ల తలూపింది. మర్నాడు మైక్రోవేవ్‌ని రెండు చేతులతో ఎత్తుకుని తీసుకెళ్లి పాత సామాన్ల కొట్టుకి ఇచ్చేసి వచ్చింది. మా వంటింటి కిటికీలోంచి చూశాను. "ఆహా, మాట వినే పిల్ల," అనుకున్నాను.

మూడో శనివారం మళ్లీ పోయింది.

మర్నాడు పొద్దున వరసలో అందరం దారి మీద మంచు తోస్తున్నాం. చివరింటి కౌకోకి నోటి దురద ఎక్కువ. పారకి ఆనుకుని నిలబడి అన్నాడు, "ఏం రెయ్యో, నీ నెట్ కూడా నీలాగే రిటైరైందా? నిన్న సౌనాలో ఆవిరి స్నానం చేసి వచ్చి హాకీ స్కోరు చూద్దామంటే చక్రం తిరుగుతూనే ఉంది."

అందరూ నవ్వారు. యొన్నా నవ్వలేదు. తల వంచుకుని మంచు తోసుకుంటోంది. ఆ తల వంచుకోవడం చూసి నేనేమనుకున్నానంటే, తప్పు చేసిన మొహం అనుకున్నాను. ఇంకో పరికరం ఏదో తెచ్చి ఉంటుంది, చెప్పడం లేదు. నలుగురిలో నన్ను నవ్వులపాలు చేస్తోంది. కోపం నషాళానికి అంటింది. సోమవారం పొద్దున్నే ఆ కాగితం తయారైంది.

సిర్కా చదివి అంది, "పేరు పెట్టరాదూ? అంత ధైర్యం ఉన్నవాడివి."

"ఎవరి పేరు?"

"ముందు నీ పేరు. తర్వాత ఆ పిల్ల పేరు. నిన్న ఆరు ఇళ్ల ముందూ నోరెత్తని పిల్లని ఇవాళ తలుపుకి వేలాడదీస్తున్నావు."

"అందరికీ సంబంధించిన విషయం," అన్నాను. సుత్తి తీసుకుని బయటికి నడిచాను.

ఇక్కడ మా సౌనా గురించి చెప్పాలి. మిగతా ఇళ్లలో ఉన్నవి కరెంటువి. మాది కట్టెల పొయ్యి, దాని మీద కాలిన రాళ్ల మీద చెంబుతో నీళ్లు పోస్తే ఆవిరి లేస్తుంది. ఈ వరసలో పొగగొట్టం ఉన్నది మాకొక్కళ్లకే, అది కూడా నా గొప్పల్లో ఒకటి. ఇరవై ఏళ్ల కిందట దాన్ని నా చేతులతో కట్టాను. గోడల్లో చెక్క వెనక వెండిలా మెరిసే రేకు కాగితం నేనే పరిచాను, వేడి బయటికి పోకుండా. హాలుకీ వెనక వరండాకీ సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఇటో తలుపు, అటో తలుపు. ఆ తలుపులకీ లోపల అదే రేకు కొట్టాను. వారమంతా చెక్క ఆరాలని రెండు తలుపులూ బార్లా తీసి ఉంచుతాం. శనివారం అయిదింటికి రెండూ బిగించి పొయ్యి ముట్టిస్తాను. ఆరింటికి నేనూ సిర్కా లోపలికి వెళితే, మధ్యమధ్య చల్లబడటానికి వరండాలోకి వస్తూ ఏడున్నర దాకా అదే లోకం. యొన్నా వాళ్ల ఇంట్లో సౌనా లేదు. వాళ్లకి ఇల్లమ్మినవాళ్లు దాన్ని బట్టల గదిగా మార్చేశారు. శనివారం ఆరింటికి ఈ వరసలో సౌనాలో లేని మనుషులు ఆ తల్లీకూతుళ్లిద్దరే.

చదువుతున్న మీకు ఇప్పటికే అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు. గళ్ల నోటుబుక్కులో ప్రతి శనివారం ఎన్నింటికి పోయిందో, ఎన్నింటికి వచ్చిందో నిమిషాలతో సహా రాసుకున్నవాణ్ణి, ఆ గంటల్లో నేను ఎక్కడున్నానో రాసుకోలేదు. సౌనా కూడా ఒక పని అని నాకు తోచలేదు. ఊపిరి పీల్చడాన్ని ఎవరైనా పుస్తకంలో రాసుకుంటారా? వరండాలో ఒళ్లంతా ఆవిరి కక్కుతూ నిలబడి, డబ్బా మీద ఎర్ర దీపం చూసి, "అదిగో, మొదలెట్టింది," అని పళ్లు నూరేవాణ్ణి.

కాగితం అంటించాక మొదటి శనివారం అలా వరండాలో నిలబడి ఉంటే, చెత్త షెడ్డు దీపం కింద యొన్నా, విల్యా కనబడ్డారు. చెత్త వేయడానికి వచ్చారనుకున్నాను. రెండో శనివారమూ అక్కడే ఉన్నారు. "చెత్త వేరుచేయడానికి ఇంతసేపా? పిల్లకి జలుబు చేస్తుందన్న జ్ఞానం కూడా లేదు," అని సిర్కాతో అన్నాను. మళ్లీ లోపలికి వెళ్లి రాళ్ల మీద ఒక చెంబు నీళ్లు ఎక్కువ పోసుకున్నాను.

మూడో శనివారం బయట చలి సున్నాకి పద్దెనిమిది డిగ్రీలు కింద ఉంది. ఆరూ పదికి వరండాలోకి వచ్చాను. మళ్లీ వాళ్లిద్దరూ. ఈసారి యొన్నా ఎడమ చేతికి గ్లౌజు లేదు. ఆ చేత్తో ఫోన్ పైకెత్తి పట్టుకుంది, కుడి చెయ్యి పిల్ల భుజం మీద ఉంది. పిల్ల ఏదో కాగితం ఫోన్‌కి ఎదురుగా పట్టుకుని గెంతుతోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. వంటింటి పరికరం సంగతి ఇవాళ మొహం మీదే అడిగేద్దామని బాత్‌రోబ్ బిగించుకుని, రబ్బరు బూట్లలో కాళ్లు దూర్చి పెరడు దాటాను.

"ఏంటమ్మా యొన్నా, ఈ చలిలో పిల్లని పెట్టుకుని ఇక్కడేం పని?"

యొన్నా ఉలిక్కిపడి ఫోన్ కాస్త కిందికి దించింది. "ఏం లేదు రెయ్యో. ఇక్కడైతే ఫోన్ సిగ్నల్ అందుతుంది, దీపం వెలుగూ ఉంది. ఇంట్లో ఆ కొత్త కిటికీలు వేయించాక అందదు కదా."

వేడి ఆపే ఆ కిటికీలు ఆరిళ్లకీ వేయించాలని పట్టుబట్టిందీ నేనే. సరే, అది వేరే సంగతి. "మరి ఇంట్లో వైఫై ఉంది కదా! ఆ పరికరమేదో ఆపేస్తే..."

విల్యా నా వైపు తిరిగింది. ముక్కు ఎర్రగా ఉంది, కనురెప్పల మీద మంచు. చాలా ఓపిగ్గా, నాకు లోకజ్ఞానం తక్కువని తెలిసినట్టు చెప్పింది.

"మీ పొగగొట్టంలోంచి పొగొస్తే మా ఇంట్లో నాన్న ఆగిపోతాడు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోతాడు. ఇక్కడైతే ఆగడు. అందుకే పొగ రాగానే నేను బూట్లేసుకుంటాను."

"విల్యా!" అంది యొన్నా. "దాని మాటలకేం లెండి. రెయ్యో, ఏమీ అనుకోకండి, ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయి..."

తల తిప్పి మా ఇంటి వైపు చూశాను. నా పొగగొట్టంలోంచి పొగ నిటారుగా, నింపాదిగా లేస్తోంది. రేకు కాగితం. రెండు తలుపులు. హాల్లో డబ్బా, వరండాలో డబ్బా, మధ్యలో నేను వెండి రేకుతో కట్టిన పెట్టె. పాత పద్ధతిలో ఆ డబ్బాలు నెమ్మదిగా నడిచే అలలతో మాట్లాడుకునేవి. అవి ఎలాగో సందులు వెతుక్కుని చుట్టూ తిరిగి వెళ్లిపోతాయి. కొత్త అప్‌డేట్ వాటికి వేగమైన అలలు మాత్రమే వాడమని నేర్పింది. అవి తిన్నగా మాత్రమే పోతాయి, రేకు ఎదురైతే చచ్చిపోతాయి. వారంలో ఆరు రోజులు తెరిచిన రెండు తలుపుల్లోంచి దూసుకుపోయాయి. ఏడో రోజు నేను తలుపులు బిగించాను. ఇది నా వృత్తి. ముప్ఫై ఎనిమిదేళ్లు తిన్న అన్నం. అయిదేళ్ల పిల్ల కిటికీలోంచి చూసి కనిపెట్టింది.

యొన్నా తల వెనక, తలుపు మీద, నాలుగు మేకులతో నా కాగితం. "దయచేసి ఇతరుల గురించి కూడా ఆలోచించండి." షెడ్డు దీపం సరిగ్గా దాని మీదే పడుతోంది. ఈ పిల్ల మూడు శనివారాలు దాని కిందే నిలబడి మొగుడితో మాట్లాడింది.

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తాను. బూటు ఒకటి మంచులో ఊడిపోయింది, ఆగలేదు. వరండా తలుపు తీసి, సౌనా తలుపు తీసి, అడ్డంగా పరుగెత్తి అటువైపు తలుపు కూడా బార్లా తీసేశాను.

"నీకేమైనా పిచ్చెక్కిందా?" పైబల్ల మీంచి సిర్కా అరిచింది. "వేడంతా పోతోంది! తలుపెయ్, ముసలోడా!"

"వెయ్యను. వెయ్యకూడదు."

"ఏమైంది?"

"నేనే," అన్నాను. "మనమే. ఈ సౌనాయే. ఇన్నాళ్లూ."

సిర్కా తువ్వాలు చుట్టుకుని దిగింది. వరండాలో నా పక్కన నిలబడి డబ్బా వైపు చూసింది, షెడ్డు వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. తను తిట్టి ఉంటే బాగుండేది. లోపలికెళ్లి బట్టలేసుకుంది.

ఎర్ర దీపం పచ్చగా మారడానికి ఆరు నిమిషాలు పట్టింది. మారగానే వరండా మెట్ల మీంచి రెండు చేతులూ ఊపాను, "లోపలికెళ్లండి! వచ్చింది! నెట్ వచ్చింది!" అని. యొన్నా వద్దన్నట్టు తలూపింది. కట్ చేస్తే మళ్లీ కలవదు. ఇరవై నిమిషాలు అయిపోయేదాకా తల్లీకూతుళ్లు అక్కడే ఉన్నారు. అందులో రెండు నిమిషాలు నేను ఏంటమ్మా, ఎందుకమ్మా అని తినేశాను. చల్లబడుతున్న సౌనాలోంచి ఆవిరి నా వీపు మీదుగా బయటికి పోతుంటే నేనూ అక్కడే నిలబడ్డాను. కాలు తిమ్మిరెక్కింది. ఆ మాత్రం ఎక్కాలి అనిపించింది.

ఆదివారం పొద్దున సౌనా పైకప్పు పక్కనుంచి హాలు డబ్బా నుంచి వరండా డబ్బాకి తొమ్మిది మీటర్ల తీగ లాగాను. తీగ మా స్టోర్‌గదిలోనే ఉంది, చుట్ట చుట్టి మేకుకి వేలాడుతూ. మొత్తం పని ఇరవై నిమిషాలు. వాళ్లకి వారానికి దొరికేదీ అంతే.

తర్వాత పక్కింటి తలుపు తట్టాను. లోపలికి రమ్మంది. బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మూడో శనివారం. మైక్రోవేవ్ తీసేశాక కూడా పోయింది కదా. కిటికీ దగ్గర కూర్చుని విల్యా చెప్పింది, పొగ వచ్చింది, నాన్న పోయాడు అని. ముందు నవ్వాను. తర్వాత అర్థమైంది."

"మరి చెప్పొచ్చు కదమ్మా! గోడ కొట్టి పిలిచినా వచ్చేవాణ్ణి!"

"ఏమని చెప్పను రెయ్యో? శనివారం సౌనా ముట్టించకండి అని పక్కింటాయనకి చెప్పనా? చర్చికి వెళ్లొద్దన్నట్టుంటుంది. మా నాన్న వింటే నన్ను గుమ్మం తొక్కనిచ్చేవాడు కాదు." చిన్నగా నవ్వింది. తర్వాత నవ్వు తగ్గించుకుంది. "ఒకసారి చెబుదామనే అనుకున్నాను. ఆ తర్వాతి సోమవారం సాయంత్రం డ్యూటీ నుంచి వస్తూ మీ ఇంటికే బయల్దేరాను. దారిలో చెత్త వేయడానికి షెడ్డు దగ్గర ఆగాను. కాగితం చూశాను. దాని తర్వాత వచ్చి తప్పు మీదేనంటే, కక్ష తీర్చుకున్నట్టుంటుంది కదా. వద్దనిపించింది."

క్షమించమని అనాలి. మా మగాళ్లకి ఆ మాట నోట్లోంచి రావాలంటే ప్రాణం పోయినంత పని. "తప్పయిపోయింది," అన్నాను చివరికి, ఆమె చెప్పుల స్టాండు వైపు చూస్తూ. "వచ్చే శనివారం ఒక్క సెకను కూడా పోదు. హాయిగా సోఫాలో కూర్చుని మాట్లాడుకోండి."

"వచ్చే శనివారం ఫోన్ లేదు రెయ్యో," అంది నెమ్మదిగా. "నిన్నటిదే ఆఖరిది. ఒస్కరి శుక్రవారం వచ్చేస్తున్నాడు."

మంచిదమ్మా అన్నాను. బయటికొచ్చాక తీగ లాగిన చేతులు జేబుల్లో పెట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. సరిచేసే పని ఇంకేమీ మిగలలేదు. ఆరు శనివారాలు. మూడు బిగుసుకుపోయిన మొహంతో పోయాయి, మూడు మంచులో పోయాయి.

ఆ సాయంత్రమే షెడ్డు మీద కాగితం పీకేసి ఇంకోటి పెట్టాను. "శనివారాల్లో ఇంటర్నెట్ ఆగిపోవడానికి కారణం మా సౌనా, నేను వేసిన అప్‌డేట్. యొన్నా మైక్రోవేవ్ తప్పేమీ లేదు. ఆమెని అనవసరంగా అన్నాను. రెయ్యో, మొదటి ఇల్లు." ఆ తలుపు మీద పేరున్న కాగితం అదే మొదటిది.

కౌకో దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. నన్ను చూసి, "పేరు కూడా పెట్టేశావేంట్రా?" అన్నాడు. ఏదో హాస్యమాడబోయి మానేశాడు. వాడు హాస్యం మానేయడం నేనెప్పుడూ చూడలేదు.

శుక్రవారం ఒస్కరి వచ్చాడు. ఎండకి నల్లబడి, గడ్డం పెంచుకుని. శనివారం మధ్యాహ్నం సిర్కా నాతో ఒక్క మాట కూడా సంప్రదించకుండా వెళ్లి వాళ్లని సౌనాకి పిలిచేసింది. ముందు ఆడవాళ్లూ విల్యా వెళ్లొచ్చారు. తర్వాత నేనూ ఒస్కరీ వెళ్లాం.

పైబల్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. ఒస్కరి కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"నాలుగు నెలలు దీని గురించే కలలు కన్నాను," అన్నాడు. "అక్కడ రోజూ నలభై డిగ్రీల ఎండ. కానీ ఇది వేరు కదా. ఆఖర్లో మూడు వారాలు యొన్నా ఫోన్ పట్టుకుని బయటికొచ్చి నిలబడేది. నీకు మంచు మీద బెంగగా ఉంటుంది కదా, చూపిద్దామని, అంది. విల్యా మంచులో గెంతుతుంటే చూసేవాణ్ణి."

ఆమె మొగుడికి కూడా చెప్పలేదన్నమాట. షెడ్డు మీది కొత్త కాగితం ఇంకా చూసినట్టు లేడు, నేనూ ఊరుకుంటే ఈ పూటకి గడిచిపోతుంది. ఊరుకోవాలని ఎంత అనిపించిందో దాచను.

"మంచు చూపించడానికి కాదు ఒస్కరి," అన్నాను. "ఇంట్లో నెట్ లేక. అది నా వల్ల. ఈ సౌనా వల్ల."

"తెలుసు," అన్నాడు.

"యొన్నా చెప్పిందా?"

"లేదు. తను చెప్పదు. సౌనా సంగతి నిన్న మీ కొత్త కాగితంలో చదివాను. పాతదైతే ఫోన్లోనే తన తల వెనకాల కనబడేది. దీపం కింద కదా, స్పష్టంగా. అక్కడ కూర్చుని ఇరవై నిమిషాలూ దాన్ని చూసేవాణ్ణి. నాకిప్పుడు కంఠతా వచ్చు." కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నేను తట్టుకునేవాణ్ణి.

పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. తలుపులు రెండూ బిగించే ఉన్నాయి. ఇప్పుడవి బిగించినా ఎవరి మొహమూ ఆగిపోదు.

ఒస్కరి వంగి చెంబు నీళ్లలో ముంచాడు. "ఇంకొంచెం పోయనా?" అన్నాడు.

పోయమన్నాను. ఆవిరి పైకి లేచి మొహాన కొట్టింది. తల వంచుకునే కూర్చున్నాను.